వాలెట్ ఎక్కించి ఇవ్వవచ్చు, తాళపు మాటలు దాచకూడదు

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేటలో మాకు కంప్యూటర్ సర్వీసింగ్ షాపు ఉంది. క్రిప్టో కొత్తగా మొదలుపెట్టేవారికి పెన్‌డ్రైవ్‌లోని ఎలక్ట్రమ్ వాలెట్ (బిట్‌కాయిన్‌లను దాచి వాడుకునే సాఫ్ట్‌వేర్) ఎక్కించి 300 రూపాయలు తీసుకుంటున్నాను. వాళ్లు మరిచిపోతారని వాలెట్‌కు తాళంచెవి లాంటి ఆ 12 సీడ్ పదాలను నా నోటుపుస్తకంలోనూ రాసిపెడుతున్నాను. ఎవరి డబ్బైనా పోతే నా మీద కేసు పడుతుందా?

జవాబు: వాలెట్ ఎక్కించి ఇవ్వడం దానంతట అది నేరం కాదు. క్రిప్టో వ్యాపారాలకు బ్యాంకు సేవలు అందకుండా రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్ 6న ఇచ్చిన సర్క్యులర్‌ను సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టివేసింది. 2022 నాటి ఫైనాన్స్ చట్టం ఈ లాభాలపై 30 శాతం పన్ను వేసిందే గాని క్రిప్టోను నిషేధించలేదు. ఎలక్ట్రమ్‌కు ఉన్నది ఎంఐటీ లైసెన్సు అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనుమతిపత్రం కనుక, కాపీరైట్ ప్రకటనను, లైసెన్సు పాఠాన్ని తొలగించనంతవరకు ప్రతులు పంచడానికీ, రుసుము తీసుకోవడానికీ అడ్డు లేదు. మీ ఎంపికా సబబే. బిట్‌కాయిన్ కోర్ అనే మరో వాలెట్ అయితే వందల గిగాబైట్ల లావాదేవీల చరిత్రను దించుకోవలసి వచ్చేది.

నన్ను కలవరపెట్టింది మీ నోటుపుస్తకం. ఆ 12 పదాలు తెలిసినవారికి లాప్‌టాప్‌తోగానీ పాస్‌వర్డ్‌తోగానీ పనిలేదు, మరో కంప్యూటర్‌లో వాటిని వరుసగా కొడితే సొమ్ము చేతికి వస్తుంది. కేంద్ర ఆర్థిక శాఖ 2023 మార్చి 7న జారీచేసిన నోటిఫికేషన్, ఇతరుల తరఫున వ్యాపారంగా వర్చువల్ డిజిటల్ ఆస్తులను (క్రిప్టో వంటివాటిని) భద్రపరచడాన్నే కాక, వాటిపై అదుపునిచ్చే సాధనాలను భద్రపరచడాన్ని సైతం 2002 నాటి మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి తెచ్చింది. సర్వీసింగ్ షాపు అందులోకి వస్తుందా అన్నది వాదనకు తావున్న విషయమే. అయితే రుసుము పుచ్చుకుని, మీ చేతిరాతతో నింపిన పుస్తకాన్ని ఎదురుగా పెట్టుకుని ఆ వాదన చేసుకోవలసిన అగత్యం మీకెందుకు? వస్తుందనే తేలితే అనుమానాస్పద లావాదేవీలను గమనించే కేంద్ర సంస్థ ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ వద్ద నమోదు మొదలుకొని ఖాతాదారుల గుర్తింపు రికార్డుల దాకా బాధ్యతలన్నీ మీద పడతాయి. అంతకన్నా దగ్గరి ప్రమాదం మరొకటి ఉంది. సొమ్ము పోయిన రోజున పోలీసులు మొదట అడిగేది ఆ పదాలు ఇంకెవరికి తెలుసుననే. భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద నమ్మకద్రోహం ఆరోపణకు ఆ పుస్తకమే ఆధారమవుతుంది.

పెన్‌డ్రైవ్ ప్రతిని కూడా మానండి. 2018 డిసెంబరులో పాత ఎలక్ట్రమ్ వాడుతున్నవారికి నకిలీ అప్‌డేట్ సందేశాలు చూపించి సొమ్ము కాజేశారు. మీరు పాత ప్రతి ఎక్కించినందువల్ల నష్టం జరిగితే, హామీ ఏమీ లేదన్న లైసెన్సు షరతు దాన్ని తయారుచేసినవారిని కాపాడుతుందేమో గాని, 300 రూపాయలు తీసుకున్న మిమ్మల్ని వినియోగదారుల కమిషన్‌లో కాపాడదు. అధికారిక సైటు నుంచి ఖాతాదారు ఎదుటే దించి, ఆ ఫైలు అసలు తయారీదారులదేనని చూపే డిజిటల్ సంతకం సరిచూసి ఎక్కించండి. పదాలు తెరపైకి వచ్చినప్పుడు కుర్చీలోంచి లేచి పక్కకు వెళ్లండి. అవి షాపువారికి తెలియవని రసీదుపై సంతకం తీసుకోండి.

పాత ఖాతాదారులను పిలిచి, వారి చేతే కొత్త వాలెట్ తెరిపించి నాణేలు అందులోకి మార్పించాకనే ఆ పేజీలు నాశనం చేయండి. ఇప్పటికే ఎవరైనా ఫిర్యాదు చేసి ఉంటే మాత్రం ఒక్క కాగితం కూడా చింపకుండా, ఆ పుస్తకంతో సహా న్యాయవాదిని కలవండి.