పిల్లవాడి పద్దు

చి|| సౌ|| సుధకు పెద్దమ్మ ఆశీస్సులు.

పదకొండేళ్ల బాబుకు వారం వారం చేతిఖర్చు ఇవ్వవచ్చా, ఇస్తే ఇంటిపనికి కూలిగా ఇవ్వాలా, ఊరికే ఇవ్వాలా అని అడిగావు. తప్పకుండా ఇవ్వు, అయితే పనికీ డబ్బుకూ ఎక్కడ ముడివేయాలో, ఎక్కడ వేయకూడదో ముందే తేల్చుకో.

తిన్న కంచం తీయడం, పక్క మడతపెట్టడం, తన బూట్లు తానే తుడుచుకోవడం ఇంట్లో మనిషిగా చేసే పనులు; వాటికి పైసా ఇవ్వకు. ఒకసారి ఇచ్చావంటే, డబ్బు అవసరం లేని రోజున వాడు కంచం తీయడు, తీయమనే హక్కు నీకూ ఉండదు. స్కూటరు కడగడం, అటక దులపడం వంటి, బయటివారికైతే డబ్బిచ్చి చేయించే పనులకు మాత్రం కూలి కట్టు. మా ఇంట్లో అన్నిటికంటే పనికొచ్చింది పాత పేపర్ల అమ్మకం. నెలంతా పేపర్లు పేర్చి, పురికొసతో కట్టి, పేపర్లు కొనేవాడు వచ్చినప్పుడు పక్కనే నిలబడి తూకం చూసి, కిలో ధరతో లెక్క కట్టి డబ్బు తెచ్చేది మా అమ్మాయే. అందులో సగం దానిది. తూకంలో అరకిలో తగ్గితే తన వాటాలో ఎంత పోతుందో దానికి ఎవరూ నేర్పనక్కరలేకపోయింది.

చేతిఖర్చు వారానికి 50 రూపాయలు చాలు. ఫోనులో వేయకు, పది రూపాయల నోట్లుగా ఇవ్వు (అవి దొరకడం ఈ రోజుల్లో గగనమే, కూరల బండి దగ్గర అడిగి చూడు). ఫోను చూపించి సరుకులు తెచ్చుకునే మనలను చూసి పెరిగే పిల్లలకు డబ్బు తరగడం కంటికి ఆనదు. అయిదు నోట్లలో రెండే మిగిలితే ఆనుతుంది. బుధవారానికే అయిపోతే ఆదివారం దాకా ఆగనివ్వు. ఈలోగా తాతయ్య జాలిపడి జేబులో చెయ్యి పెట్టకుండా చూడటమే నీకు కష్టం. మార్కులు తగ్గాయనో, అల్లరి చేశాడనో ఆ 50 ఆపవద్దు.

ఇక నా తప్పు చెబుతాను. తపాలా కార్యాలయంలో పొదుపు ఖాతాల కౌంటరులో ఏళ్ల తరబడి కూర్చుని, ఊరివారి పాసుపుస్తకాలలో రూపాయి తేడా రానివ్వని నేను, ఒక నెలాఖరున గ్యాసుబండకు డబ్బు చాలక అమ్మాయి ముంతలోంచి 300 రూపాయలు తీసుకుని, జీతం రాగానే పెడతానని చెప్పి మరిచిపోయాను. రెండుసార్లు అడిగి ఊరుకుంది. ఆ పైవారం ముంత పగలగొట్టి, ఉన్నదంతా రిబ్బన్లకూ జీళ్లకూ ఒక్క పూటలో ఊదేసింది. కోప్పడబోతే, "ఉంచితే నువ్వే తీసేసుకుంటావుగా అమ్మా" అంది. దాని చేత మళ్లీ ముంతలో రూపాయి వేయించడానికి నాకు ఏడాది పట్టింది.

బాబుకు పదేళ్లు నిండాయి కనుక తపాలా పొదుపు ఖాతా తన పేరనే తెరిచి, తన సంతకంతోనే నడుపుకోవచ్చు. 500 రూపాయలతో మొదలుపెట్టవచ్చు. వడ్డీ 4 శాతం. ఏడాదంతా కదపని 500 మీద 20 రూపాయలే పడ్డాయని వాడు పెదవి విరుస్తాడు. విరవనీ. ఆ 20 రూపాయలకు స్కూటరును ఎంతసేపు రుద్దవలసి వచ్చిందో వాడికి తెలుసు.

రూళ్లపుస్తకంలో జమ, ఖర్చు, నిల్వ అని మూడు గళ్లు గీసి, ఆదివారం ఉదయం వాడి చేతనే రాయించు. ఏం కొన్నాడో చూసి మొహం చిట్లించకు. సంక్రాంతికి పెద్దలు వాడి చేతిలో పెట్టిన 1,100 రూపాయలు దాచిపెడతానని తీసుకుని ఇంటిఖర్చులో కలిపేశానని నవ్వుతూ రాశావు. ఆ పుస్తకంలో మొదటి పద్దు అదే కావాలి: "అమ్మ దగ్గర నుంచి రావలసినది." ఈ నెల జీతంలో అది తీర్చి, ఆ పద్దు వాడి చేతనే కొట్టేయించు.

ఇట్లు,
మీ పెద్దమ్మ