‘స్విచ్ ఆపి మాస్‌ఫెట్ పేలింది’ అనవచ్చా?

సందేహం: పాత కారు ఇగ్నిషన్ కాయిల్, ఐఆర్ఎఫ్540 మాస్‌ఫెట్‌లతో (కరెంటును స్విచ్‌లా ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్లు) ఇంట్లో స్పార్కు ప్రయోగాలు చేస్తుంటాను. ఏది ఎందుకు పాడైందో నోటుబుక్కులో తెలుగులోనే రాసుకుంటాను. ‘స్విచ్ ఆపి మాస్‌ఫెట్ పేలింది’ అని రాస్తే మా అన్నయ్య తప్పు తెలుగు అన్నాడు. అదే పేజీలో ‘కాయిల్ వేడెక్కి ఎనామిల్ కరిగింది’ అని ఉంటే (ఎనామిల్ అంటే కాయిల్ తీగ మీది పూత) ఏమీ అనలేదు. తేడా ఏమిటి?

సమాధానం: మీ అన్నయ్య మాట నిజమే. ‘ఆపి’, ‘వేడెక్కి’ రెండూ క్త్వార్థకాలే, అంటే ఒక పని ముగిశాక మరో పని జరిగిందని చెప్పే, ‘ఇ’తో ముగిసే క్రియారూపాలే. క్త్వార్థకానికీ చివరి క్రియకీ కర్త ఒకరే కావాలన్నది నియమం. స్విచ్ ఆపింది మీరు, పేలింది మాస్‌ఫెట్. అందుకే ఆ వాక్యం చెవికి గుచ్చుకుంటుంది. ‘స్విచ్ ఆపగానే మాస్‌ఫెట్ పేలింది’ అంటే సరిపోతుంది.

మరి కాయిల్, ఎనామిల్ కూడా వేర్వేరు కర్తలే కదా? ‘వాన కురిసి చెరువు నిండింది’, ‘ముల్లు గుచ్చుకుని రక్తం వచ్చింది’ అని అందరం అంటాం. రెండు పనుల్లోనూ మనిషి ప్రయత్నం లేకుండా, మొదటిది రెండోదానికి కారణమైతే కర్తలు వేరైనా భాష ఒప్పుకుంటుంది. అంటే ఇక్కడ ‘ఇ’కారం వరసను మాత్రమే కాదు, కారణాన్నీ చెబుతోంది. మీలాంటి ప్రయోగాలు చేసేవాళ్లు గట్టిగా పట్టుకోవాల్సింది దీన్నే.

‘కోర్ శాచురేట్ అయి మాస్‌ఫెట్ కాలిపోయింది’ అని రాశారనుకోండి. వ్యాకరణానికి అడ్డు లేదు. కానీ కోర్ (కాయిల్ లోపలి ఇనుము) శాచురేట్ కావడం, అంటే ఇక అయస్కాంతత్వం పట్టలేని స్థితికి రావడం, మీరు చూశారా? ఆసిల్లోస్కోప్‌లో (కరెంటు, వోల్టేజీల మార్పును గీతగా చూపే పరికరంలో) కరెంటు గీత నిటారుగా పైకి లేచిందా? చూడకపోతే అది ఊహ. ‘ఆన్ టైమ్ (మాస్‌ఫెట్ కరెంటును పోనిచ్చే సమయం) పెంచగానే మాస్‌ఫెట్ కాలిపోయింది’ అంటే మాత్రం కళ్లతో చూసింది చూసినట్టే రాసినట్టు. ‘చుట్లు షార్టయి కరెంటు పెరిగింది’ అన్నదీ అంతే. వందల చుట్లలో రెండు మూడు షార్టయితే ఓమ్ మీటరులో తేడా దాదాపు కనిపించదు. ఇండక్టెన్స్ (కరెంటు మార్పును కాయిల్ ఎంత అడ్డుకుంటుందన్న కొలత) కొలిచి, అదే రకం మంచి కాయిల్‌తో పోల్చి చూశాకే ఆ ‘అయి’ రాయండి.

ఇక ఆ ‘గానే’ ముందు ఏ క్రియ వచ్చిందన్నది అసలు కీలకం. ‘స్విచ్ వేయగానే పోయింది’ అంటే వైరింగు తప్పో, అంతకు ముందే షార్టయిన భాగమో, గేటుకు (మాస్‌ఫెట్‌ను తెరిచే కాలుకు) 20 వోల్టులు దాటి ఇవ్వడమో మొదట అనుమానించాలి. ‘ఆపగానే పోయింది’ అంటే అనుమానం కాయిల్ మీదికి పోతుంది. కాయిల్ తనలోని కరెంటును ఉన్నట్టుండి ఆగనివ్వదు. 5 మిల్లీహెన్రీల కాయిల్‌లో 4 ఆంపియర్ల కరెంటు 10 మైక్రోసెకన్లలో సున్నాకు పడితే లెక్క ప్రకారం 2000 వోల్టులు పుడతాయి. మీ చేతిలోని ఐఆర్ఎఫ్540 తట్టుకునేది 100 వోల్టులే! ఎక్కువ వోల్టేజీకి ఆగే మాస్‌ఫెట్, స్నబ్బర్ (వోల్టేజీ ఎగసిపాటును అణిచే చిన్న సర్క్యూట్) వేసుకోవాలి. రిలేకు పెట్టినట్టు ప్రైమరీకి (కాయిల్‌లో మాస్‌ఫెట్ వైపు చుట్టకు) అడ్డంగా మామూలు డయోడు పెడితే మాస్‌ఫెట్ బతుకుతుంది గానీ, కరెంటు నెమ్మదిగా తగ్గి స్పార్కు చచ్చుబడుతుంది.

‘కాసేపు నడిచాక పోయింది’ అంటే ముందు వేడిని చూడాలి. ఐఆర్ఎఫ్540 గేటుకు 10 వోల్టులు ఇస్తేనే పూర్తిగా తెరుచుకుంటుంది. ఆర్డుయినో (చిన్న కంట్రోలర్ బోర్డు) ఇచ్చే 5 వోల్టులతో సగం సగం తెరుచుకుని కాగిపోతుంది. ఈ మూడు సందర్భాలనూ కలిపి ‘మాస్‌ఫెట్ పోయింది’ అని రాస్తే నెల తర్వాత చూసుకున్నప్పుడు మీకే ఏమీ తెలియదు. ‘పోయింది’ బదులు డ్రెయిన్‌కీ సోర్సుకీ (మాస్‌ఫెట్‌లో కరెంటు పోయే రెండు కాళ్లకు) మధ్య షార్టయిందా, ఓపెనయిందా, ఒళ్లు పగిలిందా అన్నది కూడా రాయండి.

చేసేది మీరొక్కరే అయినప్పుడు క్త్వార్థకాలు ఎన్ని వరసగా వచ్చినా తప్పు లేదు, ఒక్కో ‘ఇ’ ఒక్కో మెట్టు. హై వోల్టేజీ కెపాసిటర్ దగ్గర ‘స్విచ్ ఆపి ముట్టుకోవాలి’ అన్నది వ్యాకరణం ప్రకారం నిక్షేపంగా ఉన్న వాక్యమే, కానీ మనిషి ప్రాణం తీయగల వాక్యం. ‘స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, కెపాసిటర్‌ను తగిన రెసిస్టరుతో డిస్చార్జ్ చేసి, మీటరుతో చూసి, అప్పుడు ముట్టుకోవాలి’ అని మీ నోటుబుక్కు మొదటి పేజీలోనే రాసి పెట్టుకోండి.