రాత్రిబడి నిధులు ఆగిపోకుండా ఏం చేయాలి?

మీ పేటలోని రాత్రిబడికి ఈ ఏడాది నిధులు రావంటున్నారని, ఎవరిని అడగాలో తెలియట్లేదని రాశారు. గుంటూరు మిర్చి యార్డు దగ్గర కూలి ఆడవాళ్లకు నేను కొన్నేళ్లుగా చదువు చెబుతున్నాను. మాకూ ఇదే టెన్షన్ వచ్చింది.

వయోజన విద్య ఆఫీసులో మాకు చెప్పిన కారణం ఒకటే: "ఎవరూ రావట్లేదు కదమ్మా!" హాజరు పట్టీలో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా చాలా పేర్ల ఎదుట ఖాళీలే, నిజమే. కానీ అది మిర్చి సీజన్. ముచ్చికలు తీస్తే కిలోల లెక్కన కూలి. ఆ నాలుగు డబ్బులే తర్వాత ఇల్లు నడుపుతాయి. పొద్దుపోయేదాకా పనిచేసి, ఘాటుకు మండే కళ్లతో పలక పట్టమంటే ఎవరివల్ల అవుతుంది? అందుకే నెలవారీ హాజరునూ యార్డు సీజన్‌నూ పక్కపక్కనే ఒకే కాగితం మీద రాశాం. సీజన్‌లో తరగతులు తగ్గించి, జూన్ నుంచి పెంచుకుంటామని అడిగాం. సోమవారం కలెక్టరేట్‌ గ్రీవెన్స్‌లో ఇచ్చి రశీదు తీసుకున్నాం. అక్కడ మాట్లాడింది చదువుకునేవాళ్లే. ఒకామె తూకం చీటీలు చూపించి, అంకెలు వచ్చాక కూలి లెక్క తానే సరిచూసుకుంటున్నానని చెప్పింది. ఫైల్లోంచి తలెత్తని అధికారి ఆ చీటీలు అడిగి మరీ చూశారు. మా తరగతులు ఆగలేదు.

ఇక డబ్బు సంగతి. బడికి వెళ్లని పెద్దవాళ్లకు చదువు చెప్పే కేంద్ర ప్రభుత్వ పథకం ఉల్లాస్‌కు 2022-27 మధ్య మొత్తం 1,037.90 కోట్లు. అందులో కేంద్రానిది 700 కోట్లు, మిగతాది రాష్ట్రాలది. లక్ష్యం 5 కోట్ల మంది. భాగించి చూడండి, మనిషికి రెండొందల చిల్లర! చదువు చెప్పేది జీతం లేని వాలంటీర్లు. ఇందులోనూ కోత అంటే నా మనసు ఒప్పుకోదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద ఆడవాళ్లు తిరగబడింది అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్నాకే. 1993లో సారా నిషేధం వచ్చింది.

కేటాయింపు వేరు, విడుదల వేరు. జిల్లా వయోజన విద్య ఆఫీసుకు 10 రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, ఎంత కేటాయించారు, ఎంత విడుదలైంది, ఎంత ఖర్చయింది అని విడివిడిగా అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ కాగితంతో మన కృష్ణా-గుంటూరు ఉపాధ్యాయ, పట్టభద్రుల ఎమ్మెల్సీలను కలిసి మండలిలో ప్రశ్న వేయించండి. బడ్జెట్ వచ్చేదాకా ఆగకండి. సెప్టెంబరు 8న అక్షరాస్యత దినోత్సవ సభ పెడతారు కదా, చదువుకునేవాళ్లతో కలిసి అక్కడే అడగండి. పథకం గడువు 2026-27తో ముగుస్తుంది, ఆ తర్వాత ఏమిటన్నదీ మీ ప్రశ్నల్లో చేర్చండి.