చిక్కుడు పూయట్లేదా? లైటు మార్చకండి, రాత్రిని చూడండి

ఎండ రాని గదిలో ఎల్‌ఈడీ లైటు కింద తీగ చిక్కుడు పెంచుతున్నానని, ఐదు నెలలైనా పూత జాడ లేదని, ఇంకా పెద్ద లైటు కొనమంటారా అని అడిగారు. కొనకండి. మీ తీగకి వెలుగు సరిపోతోంది కాబట్టే అంత ఆకు వేసింది. దానికి కరువైంది చీకటి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, సరిగ్గా ఇదే బాధ నేను ఆరు నెలలకు పైగా పడ్డాను.

నాది మా పెద్దమ్మ దాచి ఇచ్చిన పందిరి చిక్కుడు విత్తనం. కిటికీకి ఎండ తగలని చిన్న గదిలో, ఇరవై లీటర్ల గ్రోబ్యాగ్‌లో వేసి, పైన ఎల్‌ఈడీ ప్యానెల్ కట్టాను. ఏ వీడియో చూసినా 16 గంటలు, 18 గంటలు వెలుగు పెట్టమనే చెప్పారు. 16 పెట్టాను. తీగ ఎలా లేచిందంటే, నెల తిరిగేసరికి పై కడ్డీ అందుకుంది. ఇంకో నెలకి వెనక్కి తిరిగి నేల వైపు దిగింది. ప్యానెల్‌కి తగిలిన చోటల్లా చిగుర్లు తెల్లగా పాలిపోయాయి. తల తుంచితే రెండు కొమ్మలు, అవి తుంచితే నాలుగు. నాలుగు నెలలు అలా తుంచుతూనే ఉన్నాను. మొగ్గ మాత్రం లేదు.

పూత రాలేదంటే చాలు, అందరూ ఎరువు మీదే పడతారు. ఒకరు పొటాష్ అన్నారు, ఒకరు అరటి తొక్కల నీళ్లు అన్నారు, ఇంకొకరు విత్తనమే గొడ్డుదన్నారు. పెద్దమ్మ విత్తనాన్ని గొడ్డుదంటే నాకు నిజంగా కోపం వచ్చింది. చిక్కుడు పప్పుజాతి మొక్క. వేళ్లకు బుడిపెలు కట్టి, వాటిలోని బాక్టీరియా సాయంతో గాలిలోని నత్రజనిని వాడుకుంటుంది. దానికి పైనుంచి ఇంకా నత్రజని పోస్తే ఇంకా ఆకే వేస్తుంది. పూత రాని మొక్కని చూడగానే ఏం పోయాలి అని అడగడం మానేసి, ఇది ఎక్కడి మొక్క, అక్కడ రాత్రి ఎంతసేపు ఉంటుంది అని అడగడం మనమెప్పుడు నేర్చుకుంటామో!

పాతకాలపు పందిరి చిక్కుడుని ముందు వేసినా వెనక వేసినా, రాత్రులు పొడవయ్యాకే పూతకొస్తుంది. భూమధ్యరేఖ దగ్గర ఏడాది పొడవునా పగలు సుమారు 12 గంటలే. మన తెలుగు నేల మీద జూన్‌లో 13 గంటల దాకా ఉంటుంది, చలికాలంలో 11 దగ్గరికి వస్తుంది. ఆ రెండు గంటల తేడానే ఈ మొక్కకి క్యాలెండర్. మనం ఏడాదంతా 16 గంటలు వెలిగించి దాని క్యాలెండర్‌ని ఒకే పేజీ దగ్గర ఆపేస్తున్నాం.

ఇది తెలుసుకుని టైమర్‌ని 11 గంటలకు మార్చాను. పొద్దున ఏడుకి వెలుగుతుంది, సాయంత్రం ఆరుకి ఆరిపోతుంది. ఇక మూడు వారాల్లో మొగ్గ ఖాయమనుకున్నాను. ఆరు వారాలు గడిచాయి. ఏమీ లేదు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. నాది రాత్రి షిఫ్టు ఉద్యోగం, ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటి పన్నెండున్నర. ఆ ప్యానెల్ ఊదా రంగుది. దాని కింద ఆకులన్నీ నల్లగా కనిపిస్తాయి. ఎర్రనల్లి పట్టిందో లేదో, ఆకు పసుపు తిరిగిందో లేదో తెలిసే దారే లేదు. (అన్నట్టు, డబ్బా మీద వెయ్యి వాట్లని రాసి ఉంది. వాట్ల మీటర్‌కి తగిలిస్తే 110 చూపించింది. లైటు కొనేటప్పుడు డబ్బా మీది అంకెని నమ్మకండి, తెల్ల వెలుగు ఇచ్చేదే తీసుకోండి.) అందుకని నేను రోజూ ఇంటికి రాగానే చెప్పులు విడిచి నేరుగా ఆ గదిలోకి వెళ్లి ట్యూబ్‌లైటు వేసేదాన్ని. ఒక్కో ఆకు తిప్పి అడుగున చూసేదాన్ని. పది నిమిషాలు, ఒక్కోసారి పావుగంట. రోజంతటిలో నాకు ప్రశాంతంగా ఉండే సమయం అదొక్కటే.

ఈలోగా పని మీద నాలుగు వారాలు వేరే ఊరు వెళ్లాల్సి వచ్చింది. మొక్కకి నీళ్లు పోయమని నాన్నగారిని పిలిచాను. తిరిగొచ్చిన రోజు మధ్యాహ్నం ఆ గది తలుపు తీస్తే, ఆకుల సందుల్లోంచి కంకులు నిటారుగా నిలబడి ఉన్నాయి. ఒక్కో కంకికి గోధుమగింజంత మొగ్గలు వరసగా, కొసన ఊదా రంగు తిరుగుతూ. లెక్కపెట్టాను, పదిహేడు కంకులు.

"నాన్నా, ఏం వేశారు దీనికి?" అన్నాను.

"నేనేం వేశానమ్మా, పొద్దున్నే నీళ్లు పోశానంతే. చీకటి పడ్డాక ఆ గది తలుపు కూడా తీయలేదు."

తలుపు తీయలేదు. ఆ మాటతో నాకు మొత్తం అర్థమైంది. నేను లైటు ఆపింది ఆరింటికి, మళ్లీ వేసింది పన్నెండున్నరకి. 13 గంటల రాత్రి ఇచ్చాననుకున్నాను. మొక్క లెక్కలో అవి ఆరున్నర గంటల రెండు పొట్టి రాత్రులు.

ఇది నా ఊహ కాదు. మన పాఠ్యపుస్తకాల్లో ఇలాంటి వాటిని హ్రస్వ దీప్తికాల మొక్కలంటారు, అంటే పగలు తగ్గినప్పుడు పూసేవని. నన్నడిగితే ఆ పేరే తప్పు, దీర్ఘరాత్రి మొక్కలనాలి. ఫ్రాన్సులో జూలియన్ టూర్న్వా అనే శాస్త్రవేత్త 1914 నాటికే, బీరు తయారీలో వాడే హాప్స్ మొక్కల మీద, గంజాయి జాతి నారమొక్కల మీద పనిచేస్తూ, ఇవి తొందరగా పూయడానికి కారణం పగలు తగ్గడం కన్నా రాత్రి పెరగడమేమోనన్న ఆలోచన దాకా వచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధం ఆయన్ని మింగేసింది. 1918 వేసవిలో అమెరికాలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు, పొలంలో ఎంత పెరిగినా పూయని మేరీలాండ్ మామత్ అనే పొగాకు మొక్కల్ని రోజూ సాయంత్రం నుంచి మర్నాడు పొద్దున దాకా చీకటి గుడిసెలో పెట్టి పూయించారు. 1920లో ప్రచురించారు. 1938లో హామ్నర్, బోనర్ అనే శాస్త్రవేత్తలు మరులమాతంగి అనే కలుపు మొక్క మీద చేసిన పని ఇంకా సూటిగా ఉంటుంది. పొడవైన రాత్రి మధ్యలో కాసేపు వెలుగు పడితే చాలు, పూత ఆగిపోయింది. చామంతి సాగు చేసేవాళ్లు దీన్నే పనిముట్టుగా వాడతారు. పూత ఆలస్యం కావాలంటే అర్ధరాత్రి బల్బులు వేస్తారు, పూయాలంటే నల్లగుడ్డ కప్పుతారు. నేను చామంతి రైతు చేసే మొదటి పనినే రోజూ చేస్తూ రెండో ఫలితం కోసం ఎదురుచూశాను.

ఆకులో ఫైటోక్రోమ్ అనే పదార్థం ఉంటుంది. 660 నానోమీటర్ల దగ్గరి ఎర్ర వెలుగు తగిలితే అది ఒక రూపంలోకి మారుతుంది, చీకట్లో ఆ రూపం మెల్లగా తగ్గుతుంది. తెల్ల ట్యూబ్‌లైటులో కూడా ఎరుపు ఉంటుంది కాబట్టి వేయగానే పగలొచ్చినట్టే. ఆకుపచ్చ టార్చి పరవాలేదంటారు కానీ, మీరు అది కూడా వేయకండి. పొడిగింపు బోర్డు మీది ఎర్ర చుక్క పెద్దగా చేటు చేయదనుకుంటాను. అయినా నేను దాని మీద నల్ల టేపు అంటించాను. తలుపు కింది సందులో పాతచీర మడిచి పెట్టాను. రాత్రి ఆ గదిలో నిలబడితే పది నిమిషాల తర్వాత కూడా నా చెయ్యి నాకు కనపడకూడదు, అదే నా పరీక్ష.

గంటలు తగ్గిస్తే మొక్క నీరసిస్తుందని భయపడుతున్నారేమో. దానికి లెక్క ఉంది. మొక్క వాడుకునే వెలుగుని మోల్స్‌లో కొలుస్తారు. ఆకు దగ్గర చదరపు మీటరుకి సెకనుకి 300 మైక్రోమోల్స్ వెలుగు 16 గంటలు పడితే రోజుకి చదరపు మీటరుకి సుమారు 17 మోల్స్. 11 గంటల్లో అంతే రావాలంటే 430 దాకా పెంచాలి. ప్యానెల్ కొంచెం కిందికి దించితే చాలు. చిగుర్లు పాలిపోతే మళ్లీ నాలుగు వేళ్లు పైకి లేపండి.

ఒక్క మినహాయింపు. మీది బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ వాళ్ల అర్క జయ్, అర్క విజయ్ లాంటి పొద చిక్కుడైతే ఈ గొడవంతా లేదు. అవి పగటి నిడివితో పని లేకుండా పూస్తాయి. విత్తనాలమ్మేవాళ్లు ఈ ఒక్క ముక్క ప్యాకెట్ మీద ముద్రించరు. బొమ్మ పెద్దగా వేస్తారు, ఎంతెంత దూరంలో నాటాలో రాస్తారు, పగటి నిడివి సంగతి రాయరు. నాకు ఆరు నెలలు పోవడానికి సగం కారణం అదే.

ఇప్పుడు షిఫ్టు నుంచి వచ్చాక ఆ గది ముందు నుంచి నడిచిపోతాను, తలుపు తీయను. ఆకులు చూడటం పొద్దున ఏడుకి, లైటు వెలిగాకే. పదిహేడు కంకుల్లో రెండింటి కాయల్ని విత్తనానికి వదిలేశాను, అవి ఎండుతున్నాయి. మీది ఏ రకమో, రాత్రి పూట ఆ గదిలోకి ఎవరెవరు వెళ్తారో రాయండి.