బ్రిటన్‌లో స్టైపెండ్‌తో పీహెచ్‌డీ ఎలా?

ప్రశ్న: ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ పూర్తిచేశాను. బ్రిటన్‌లో ఫీజు భారం లేకుండా, స్టైపెండ్‌తో పీహెచ్‌డీ చేయాలని ఉంది. అవకాశాలు ఎక్కడ వెతకాలి? దరఖాస్తు ఎలా చేయాలి?

జవాబు: బ్రిటన్‌లో పీహెచ్‌డీకి జాతీయస్థాయి ప్రవేశ పరీక్ష లేదు. చాలాచోట్ల ఒక ప్రొఫెసర్ తన పరిశోధనాంశాన్ని ప్రకటిస్తారు, ఆ అంశానికే అభ్యర్థులు పోటీపడతారు. నిధులతో కూడిన ఆ స్థానాన్ని స్టూడెంట్‌షిప్ అంటారు. అందుకని విశ్వవిద్యాలయాల ర్యాంకులతో మొదలుపెట్టకండి. ఏ ప్రశ్న మీద నాలుగేళ్లు విసుగు లేకుండా పనిచేయగలరో ముందు తేల్చుకోండి.

ప్రకటనలు ఫైండ్ ఎ పీహెచ్‌డీ, జాబ్స్ డాట్ ఏసీ డాట్ యూకే వెబ్‌సైట్లలో దొరుకుతాయి. జీవశాస్త్రాల్లో ప్రధాన ప్రభుత్వ నిధుల సంస్థ బీబీఎస్ఆర్‌సీ. ఇది దేశంలో పరిశోధనలకు ప్రభుత్వ నిధులు పంచే యూకేఆర్ఐ (యూకే రీసెర్చ్ అండ్ ఇన్నొవేషన్)లో భాగం. 2025-26లో యూకేఆర్ఐ కనీస స్టైపెండ్ ఏడాదికి 20,780 పౌండ్లు. 2021 నుంచి విదేశీ విద్యార్థులూ ఈ నిధులకు అర్హులే. అయితే ఏటా చేర్చుకునేవారిలో వారి వాటా సుమారు 30 శాతం మించకూడదు. పోటీ తీవ్రంగా ఉంటుంది కాబట్టి దీని మీదే ఆధారపడకండి. లండన్‌లోని పరిశోధన సంస్థ ఫ్రాన్సిస్ క్రిక్ ఇన్‌స్టిట్యూట్‌లో పీహెచ్‌డీ స్థానాలు, ఆక్స్‌ఫర్డ్‌లో క్లారెండన్, కేంబ్రిడ్జ్‌లో గేట్స్ స్కాలర్‌షిప్‌లు కూడా చూడండి. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రాలు చదివే విదేశీ విద్యార్థులకు డార్విన్ ట్రస్ట్ అండగా నిలుస్తోంది. చాలామందికి దీని సంగతే తెలియదు.

ప్రతి ప్రకటనలో అర్హతల భాగాన్ని రెండుసార్లు చదవండి. 'హోమ్ ఫీజు మాత్రమే' అని ఉంటే, స్థానిక విద్యార్థుల ఫీజుకు, విదేశీ విద్యార్థుల ఫీజుకు ఉన్న తేడాను మీరే కట్టుకోవాలి. అది ఏటా వేల పౌండ్లు. యూకేఆర్ఐ స్టూడెంట్‌షిప్ దక్కినవారి నుంచి ఆ తేడాను విశ్వవిద్యాలయం వసూలు చేయకూడదు. అప్పు చేసైనా తేడా కట్టి చేరతామనేవారికి నేను వద్దనే చెబుతాను.

అక్టోబరులో మొదలయ్యే స్థానాలకు గడువులు ఎక్కువగా నవంబరు, జనవరి మధ్య ముగుస్తాయి. ఆగస్టు నుంచే ప్రొఫెసర్ల పరిశోధన పత్రాలు చదవడం మొదలుపెట్టండి. దరఖాస్తుకు ముందు వారికి అరపేజీ ఈమెయిల్ రాయండి. అసలు ఎంపిక చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది. 'నేను కష్టపడే విద్యార్థిని' అంటూ ఒకే ఉత్తరాన్ని యాభై మందికి పంపితే ఎవరూ చదవరు. వారి పత్రంలో ఏ ప్రయోగం మిమ్మల్ని ఆలోచింపజేసిందో, దాని తర్వాత మీకు కలిగిన సందేహమేమిటో రాయండి. మీ ప్రాజెక్టు గురించి చెప్పేటప్పుడు 'పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కకు నకళ్లు తీసే పద్ధతి) వచ్చు' అంటే సరిపోదు. ఏ జన్యువుకు ప్రైమర్లు (నకలు మొదలవడానికి వాడే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) రూపొందించారు, ఫలితంగా జెల్‌పై కనిపించాల్సిన బ్యాండ్ (గీత) రాకపోతే ఏ ఉష్ణోగ్రత మార్చి చూశారు, చివరికి ఏం తేలింది? ఇంటర్వ్యూలోనూ ఇవే అడుగుతారు. విఫలమైన ప్రయోగాన్ని దాచకండి. దాని కారణాన్ని వివరించగలిగినవారిలోనే ఇంటర్వ్యూ చేసేవారికి పరిశోధకులు కనిపిస్తారు.

సిఫార్సు లేఖ పెద్ద హోదా ఉన్నవారి నుంచే రావాలని లేదు. ల్యాబ్‌లో మీ పని దగ్గరుండి చూసిన గైడ్ రాసే లేఖకే బరువెక్కువ. లేఖ గడువులోగా అందకపోతే కొన్నిచోట్ల దరఖాస్తును పరిశీలించరు కూడా. కనీసం నెల ముందే అడిగి, ప్రకటనను, మీ సీవీని వారికి పంపండి.