బలాలను కలిపే ముందు

చిరంజీవికి తాతయ్య ఆశీస్సులతో రాయునది.

ఒకే వస్తువు మీద అనేక బలాలు పనిచేస్తున్నప్పుడు లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని రాశావు. లెక్క సంగతి తర్వాత. ముందు ఏ వస్తువు గురించి ఆలోచిస్తున్నావో తేల్చుకో. దాన్ని ఒక్కదాన్నే విడిగా గీసి, ఇతర వస్తువులు దాని మీద ప్రయోగించే బలాలను మాత్రమే బాణాలుగా చూపించు. బల్ల మీద పుస్తకం ఉంటే, భూమి దాన్ని కిందికి లాగే బలమూ, బల్ల దాన్ని పైకి నెట్టే అభిలంబ బలమూ ఆ పటంలో ఉండాలి. పుస్తకం బల్లను నొక్కే బలం బల్ల పటానికి చెందుతుంది. చర్య, ప్రతిచర్య వేర్వేరు వస్తువుల మీద పనిచేస్తాయి కనుక వాటిని ఒకదానితో ఒకటి కొట్టివేయడానికి వీల్లేదు. ఈ స్వేచ్ఛా వస్తు పటం గీయడానికి బద్ధకించేవాళ్లే ఎక్కువగా తడబడతారని నా అభిప్రాయం.

తర్వాత చూడవలసింది దిశ. 3 న్యూటన్ల బలం, 4 న్యూటన్ల బలం ఒకే వైపు లాగితే ఫలిత బలం, అంటే రెండూ కలిసి ఇచ్చే ఒకే బలం, 7 న్యూటన్లు, ఎదురెదురుగా లాగితే 1, లంబంగా లాగితే 5. రెండు బాణాలనూ ఒకే బిందువు నుంచి గీసి సమాంతర చతుర్భుజం పూర్తిచేస్తే, ఆ బిందువు నుంచి బయలుదేరే కర్ణమే ఫలిత బలం. న్యూటన్ 1687లో తన గమన నియమాలను చెప్పిన వెంటనే చెప్పిన మాట ఇదే. బలాలు రెండుకు మించితే ఒక్కోదాన్ని అడ్డం, నిలువు అంశాలుగా విడదీసి, ఏ దిశవి ఆ దిశలో కలుపు. వాలు తలమైతే ఒక అక్షాన్ని వాలు వెంటే తీసుకో, సగం శ్రమ తప్పుతుంది.

కోణం ప్రభావం ఎంతటిదో ఒక తాడుతో చూపిస్తాను. రెండు చివరలనూ ఒకే ఎత్తులో కట్టిన తాడు మధ్యలో 10 కిలోల మూటను వేలాడదీశావనుకో. దాని బరువు దాదాపు 98 న్యూటన్లు. తాడు రెండు సగాలూ అడ్డగీతతో 30 డిగ్రీల కోణం చేస్తే ఒక్కో సగంలో తన్యత, అంటే తాడు లాగే బలం, 98 న్యూటన్లే. అదే తాడును బిగించి కోణాన్ని 5 డిగ్రీలకు తగ్గిస్తే తన్యత సుమారు 562 న్యూటన్లకు పెరుగుతుంది, ఎందుకంటే మూటను మోసేది తన్యతలోని నిలువు అంశం ఒక్కటే, తాడు చదునయ్యేకొద్దీ ఆ అంశం తన్యతలో చిన్న వాటాగా మిగులుతుంది. మూట వేలాడుతున్నంతసేపు తాడును ఎంత లాగినా పూర్తిగా తిన్నగా చేయలేకపోవడానికి కారణం కూడా అదే.

ఫలిత బలం సున్నా వచ్చిందని వస్తువు కదలదని రాసేయకు. అది స్థిర వేగంతో పోతూ ఉండవచ్చు. స్టీరింగ్‌ను ఒక చేత్తో పైకి, ఎదుటి వైపున రెండో చేత్తో కిందికి సమానంగా తోసినప్పుడు ఆ రెండు బలాల ఫలితం సున్నాయే, అయినా అవి వేర్వేరు చోట్ల తగులుతాయి కనుక చక్రం తిరుగుతుంది. అందువల్ల నిచ్చెన వంటి వస్తువును చుక్కగా కుదించకుండా, ప్రతి బాణం ఎక్కడ తగులుతుందో సహా గీయాలి. నిచ్చెన లెక్క ఒకటి తీసుకుని పటం గీసి పంపించు, జవాబు రాకపోయినా ఫరవాలేదు.