పాత ఆంప్లిఫైయరా, కొత్తదా: మేనల్లుడికి మామయ్య లేఖ

నల్లగొండ

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

హైదరాబాదులో ఎవరో అమ్ముతున్న 1970ల నాటి జపాను ఆంప్లిఫైయర్ తీసుకోవాలా, అదే డబ్బుకు కొత్త క్లాస్-డి (ట్రాన్సిస్టర్లను అతివేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ నడిచే) యంత్రం తీసుకోవాలా అని అడిగావు. పాత ట్రాన్సిస్టర్లకు ప్రత్యేకమైన తీయదనం ఉంటుందన్న మాటను నేను ఒప్పుకోను. రెండూ మంచి స్థితిలో ఉండి, వాటి శక్తికి మించకుండా ఒకే శబ్దస్థాయిలో మోగితే తేడా పట్టుకోవడం చాలా కష్టం. తక్కువ శబ్దంలో బాస్‌ను పెంచే లౌడ్‌నెస్ బటన్ ఆపి, బాస్, ట్రెబుల్ మధ్యలో ఉంచి, 400 హెర్ట్జ్ స్వరం మోగిస్తూ స్పీకర్ తీగల దగ్గర మల్టీమీటరుతో ఏసీ వోల్టేజి చూసి, రెండింటినీ ఒక శాతం తేడాలోపు సమం చేశాకే విను. అలా చేయకపోతే కొద్దిగా బిగ్గరగా మోగినదే మేలైనదిగా తోస్తుంది.

పాతదానిలో అసలు చూడవలసింది విద్యుత్తును నిల్వ ఉంచే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. వేడి పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుంది కనుక, మన నల్లగొండ ఎండల్లో గాలి ఆడని అల్మారాలో పెట్టిన పెట్టె ఎక్కువ కాలం నిలవదు. పాట లేకుండా స్పీకర్ చివరల వద్ద డీసీ వోల్టేజి చూడు. 50 మిల్లీవోల్టులలోపు ఉంటే నిశ్చింత, వోల్టుల్లో ఉంటే స్పీకర్ కాయిల్ కాలిపోవచ్చు. జపానులో వాడకానికి తయారైనది 100 వోల్టులది, దాన్ని నేరుగా మన 230 వోల్టులకు తగిలించకూడదు. మొదటిసారి సిరీస్ బల్బు (లోపం ఉంటే విద్యుత్తు ఎక్కువగా పారకుండా అడ్డుకునేలా వరుసలో కలిపే బల్బు) పెట్టే ఆన్ చేయించు. ప్లగ్ తీసిన తరువాత కూడా పెద్ద కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉంటుంది కాబట్టి మూత నువ్వు విప్పవద్దు. పాత అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లకు బదులుగా బజారులో నకిలీలు అంటగడతారు, ఆ పని తెలిసిన మెకానిక్‌కే అప్పగించు.

కొత్తవాటిలో చాలావరకు 100 నుంచి 240 వోల్టుల వరకు పనిచేస్తాయి. బోరు మోటార్లు నడిచే వేళ వోల్టేజి తగ్గే మన ఊళ్లకు అది గొప్ప మేలు. అయితే బోర్డు చెడితే బాగుచేయడం కష్టం, రికార్డు ప్లేయరుకు కావలసిన ఫోనో ఇన్‌పుట్ కూడా చాలావాటిలో ఉండదు. మీ నాన్న రికార్డులు వినాలనుకుంటే, మరమ్మతు ఖర్చు కలిపినా ధర అందుబాటులోనే ఉంటే పాతదే తీసుకో. లేకుంటే కొత్తదే సరి.

బయానా ఇచ్చే ముందు ఆ డీసీ వోల్టేజి ఎంత వచ్చిందో నాకు రాయి.

ఇట్లు,
మీ మామయ్య